రెండు నదులు కలిసే ఊళ్లో

క్రీస్తు శకం 397. చలికాలం ముంచుకొస్తున్న రోజులు. ఇప్పటి ఫ్రాన్సును అప్పట్లో గాల్ అనేవారు. అక్కడ రెండు నదులు కలిసే చోట ఉన్న ఒక చిన్న ఊళ్లో సంఘ పరిచారకులు తమలో తాము పోట్లాడుకుంటున్నారు. ఆ కబురు టూర్ పట్టణపు బిషప్పు మార్టిన్ చెవిన పడింది. ఆయన అప్పటికే ముదుసలి. తాను లోకం విడిచే సమయం దగ్గరపడిందని శిష్యులతో ముందే చెప్పి ఉన్నాడు కూడా. అయినా వాళ్లను సమాధానపరచాలని శిష్యులను వెంటబెట్టుకుని బయల్దేరాడు. వెళ్లాడు, సమాధానపరిచాడు, తిరిగి ఇల్లు చేరలేదు. నవంబరు 8న ఆ ఊళ్లోనే కన్నుమూశాడు.

ఈ సంగతిని మనకు అందించినవాడు సల్పీషియస్ సెవెరస్. మార్టిన్‌ను స్వయంగా ఎరిగినవాడు, ఆయన బతికుండగానే జీవిత చరిత్ర రాయడానికి పూనుకున్నవాడు. మరణం గురించి మాత్రం తన అత్తగారికి రాసిన ఒక ఉత్తరంలో వివరించాడు. ఇంతకీ ఆ ఊరివాళ్లు దేనికోసం పోట్లాడుకున్నారో అందులో రాయలేదు. రాయనక్కర్లేదని అనుకున్నాడేమో! చర్చి తగాదాలు దగ్గర్నుంచి చూసినవారెవరూ ఆ ప్రశ్న అడగరు.

ఆ ఊరి పేరు కాంద్. ఆయన పేరు కలిపి ఇప్పుడు కాంద్ సేంట్ మార్టిన్ అంటున్నారు. గత అక్టోబరులో నేను ఆ ఊరు చూసి వచ్చాను.

మా సంఘంలో పెరిగిన ఒక సహోదరుడు పారిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పది రోజులు తన ఇంట్లో ఉండి వెళ్లమని ఎప్పటినుంచో పిలుస్తున్నాడు. నేను కాంద్ చూడాలన్నప్పుడు ఆశ్చర్యపోయాడు. "అయ్యగారూ, ఈఫిల్ టవర్ చూపిద్దాం, లూవ్ర్ మ్యూజియం చూపిద్దాం అనుకుంటుంటే మీరు పేరు తెలియని పల్లెటూరు అంటున్నారేంటి?" అన్నాడు. నాకు అక్కడ పని ఉంది నాయనా అన్నాను. ఆ పనేమిటో అతనికి అప్పుడు చెప్పలేదు. మీకూ కాస్త ఆగి చెబుతాను.

పారిస్ నుంచి కారులో మూడు గంటలకు పైగా పట్టింది. చివరి అరగంట దారి పొడవునా ద్రాక్షతోటలే. ఆకులు పసుపు తిరిగి, కోతలు అయిపోయి, తోటలు బోసిగా ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కసారిగా నది కనిపించింది. అది లువార్. ఫ్రాన్సులోని నదులన్నిటిలోకీ పొడవైనది, వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రవహిస్తుంది. దక్షిణం నుంచి వచ్చే వియెన్ నది కాంద్ ముందర దానిలో కలుస్తుంది. కాంద్ అన్న మాట కూడా ప్రాచీన గాల్ భాషలోని 'కొందాతే' నుంచి వచ్చిందే. సంగమం అని అర్థం. రోమన్లు రాకముందే ఆ చోటుకు ఆ పేరు ఉంది.

ఊరు ఎంత చిన్నదంటే జనాభా సుమారు రెండు వందలు. ఒక చివర నుంచి ఇంకో చివరకు నడవడానికి పావుగంట చాలు. ఇళ్లన్నీ తెల్లటి సున్నపురాతితో కట్టినవి. గోరుతో గీస్తే పొడి రాలేంత మెత్తని రాయి అది. పైన నల్లటి పలక పెంకులు. సందులు సన్నగా ఉన్నాయి. మేము వెళ్లిన మధ్యాహ్నం వీధిలో ఒక పిల్లి తప్ప ఎవరూ కనబడలేదు. ఒడ్డున అడుగు చదునుగా ఉన్న చెక్క పడవలు నాలుగు కట్టేసి ఉన్నాయి. నదిలో ఇసుక తిన్నెలు బయటపడి ఉన్నాయి. మన గోదావరి వేసవిలో ఎలా ఉంటుందో అలాగే. అందుకే నాకు ఆ ఊరు పరాయిదిగా తోచలేదు.

ఒక ఇసుక తిన్నె మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చున్నాయి. వాటిని చూడగానే సల్పీషియస్ ఉత్తరం గుర్తొచ్చింది. మార్టిన్ కాంద్‌కు వస్తూ దారిలో ఇలాంటి నీటిపక్షులు మునిగి మునిగి చేపలు పట్టడం చూశాడట. ఎంత తిన్నా వాటికి తృప్తి లేకపోవడం గమనించి, అజాగ్రత్తగా ఉన్నవారిని అపవాది ఇలాగే పట్టుకుంటాడని శిష్యులకు చెప్పాడట. ఆ పైన పక్షులను వెళ్లిపొమ్మని ఆజ్ఞాపిస్తే అవి గుంపుగా కొండల వైపు ఎగిరిపోయాయని రాశాడు. నీటికాకి చేపను తినడంలో తప్పేముంది, దేవుడు దానికిచ్చిన ఆహారమే కదా అని నాకు లోపల అనిపించింది. కానీ సంఘ తగాదా తీర్చడానికి వెళ్తున్న మనిషికి నదిలో కూడా అదే కనిపించిందంటే, ఆ దారి పొడవునా ఆయన మనసు దేనిమీద ఉందో అర్థమవుతోంది.

ఇంత చిన్న ఊళ్లో చర్చి మాత్రం మహా పెద్దది. 12వ శతాబ్దం చివర మొదలుపెట్టి 13వ శతాబ్దంలో పూర్తిచేశారు. 15వ శతాబ్దంలో దానికి కోట బురుజుల్లాంటివి కూడా కట్టారు. ప్రార్థన చేసుకునే ఇంటికి శత్రువుల మీద బాణాలు వేసే ఏర్పాట్లు! ఉత్తరం వైపు ముఖద్వారం ముందు ఒక మండపం ఉంది. దాని పైకప్పు బరువంతా మధ్యలోని ఒక్క సన్నటి స్తంభం మీదికి దిగుతుంది. తాటిచెట్టు మట్టల్లా రాతి కమానులు ఆ స్తంభం నుంచి నలువైపులా విచ్చుకున్నాయి. మావాడు దాన్ని చూసి "ఒక్క స్తంభం ఇంత మోస్తోందా అయ్యగారూ" అన్నాడు. ప్రసంగానికి మంచి ఉదాహరణ దొరికిందని నేను కూడా సంబరపడ్డాను. కానీ ఆ రోజు నా ధ్యాస వేరే చోట ఉంది.

లోపల ఉత్తరం పక్కన ఒక చిన్న ప్రార్థనా మందిరం ఉంది. మార్టిన్ కన్నుమూసిన చోటు అదేనని అక్కడివారి నమ్మకం. అక్కడి రంగుటద్దాల కిటికీలో ఒక దృశ్యం చిత్రించారు. కొందరు మనుషులు ఒక మృతదేహాన్ని కిటికీలోంచి బయటికి దించుతున్నారు, కింద పడవ సిద్ధంగా ఉంది. దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఆ కథ చెప్పాలంటే ముందు మార్టిన్ ఎవరో నాలుగు మాటల్లో చెప్పాలి.

ఆయన ఇప్పటి హంగరీ దేశంలో పుట్టాడు. 316లో అని కొందరు, 336లో అని కొందరు చరిత్రకారులు చెబుతారు. తండ్రి రోమా సైన్యంలో అధికారి. తల్లిదండ్రులు క్రైస్తవులు కారు. పదేళ్ల వయసులో తనంతట తానే సంఘానికి వెళ్లి ప్రభువును గూర్చి నేర్పమని అడిగాడట. పదిహేనేళ్లకు బలవంతంగా సైన్యంలో చేర్చారు. అమియెన్స్ పట్టణ ద్వారం దగ్గర గడ్డకట్టే చలిలో బట్టల్లేని బిచ్చగాడిని చూసి, ఇవ్వడానికి ఇంకేమీ లేక, ఒంటిమీది పైవస్త్రాన్ని కత్తితో రెండుగా కోసి సగం ఇచ్చాడు. ఆ రాత్రి కలలో ఆ సగం వస్త్రాన్ని క్రీస్తు ధరించి కనిపించాడు. మత్తయి సువార్త 25వ అధ్యాయం చదివినవారికి ఆ కల అర్థం వేరే చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత బాప్తిస్మం, సైన్యానికి రాజీనామా, పొవాతియే పట్టణంలో హిలరీ అనే గొప్ప బోధకుని శిష్యరికం, లిగూజే అనే చోట ఆశ్రమం, 371లో టూర్ బిషప్పు పదవి. ఆ పదవి ఆయన కోరుకోలేదు. ఎవరికో జబ్బుగా ఉంది, ప్రార్థన చేయమని అబద్ధం చెప్పి ఆశ్రమం నుంచి రప్పించి, దారిలో కాపుకాసి పట్టణానికి తీసుకెళ్లి బిషప్పును చేశారు. నలిగిన బట్టలు, చెదిరిన జుట్టు, ఇతనేం బిషప్పు అని కొందరు బిషప్పులు అభ్యంతరం చెప్పారట కూడా.

మనకు ఆయనతో సంబంధం లేదనుకోవద్దు. లాటిన్ భాషలో పైవస్త్రాన్ని 'కాప్పా' అంటారు. మార్టిన్ పైవస్త్రంగా చెప్పుకునే దాన్ని ఫ్రాంకుల రాజులు భద్రపరిచారు. ఆ వస్త్రం ఉంచిన గదికి 'కాపెల్లా' అని, దానిని చూసుకునే సేవకులకు 'కాపెల్లాని' అని పేర్లు వచ్చాయి. మనం మిషన్ స్కూళ్లలో, ఆసుపత్రుల్లో రోజూ పలికే చాపెల్, చాప్లిన్ అనే మాటలు అవే. ఒక బిచ్చగాడికి సగం కోసి ఇచ్చిన బట్ట మన నోళ్లలో ఇంకా తిరుగుతోందన్నమాట. అంతేకాదు, 1483 నవంబరు 10న జర్మనీలో పుట్టిన ఒక పసివాడికి మరునాడు బాప్తిస్మమిచ్చారు. నవంబరు 11 ఈ మార్టిన్‌ను సమాధి చేసిన రోజు, ఆయన పండుగ రోజు. అందుకని ఆ పసివాడికి మార్టిన్ అని పేరు పెట్టారు. ఇంటిపేరు లూథర్.

సల్పీషియస్ రాసిన అద్భుతాలన్నిటినీ ఉన్నదున్నట్టు నమ్మమని నేను చెప్పను. సెమినరీలో మాకు సంఘ చరిత్ర చెప్పిన గురువుగారు ఆ పుస్తకాన్ని ఒక చేత్తో ప్రేమగా, ఒక చేత్తో జాగ్రత్తగా పట్టుకోమనేవారు. మార్టిన్ పల్లెల్లో అన్యుల గుళ్లు పడగొట్టించిన ఘట్టాలు చదివితే నాకు ఇబ్బందిగానే ఉంటుంది. కానీ ఆయన జీవితంలో ఒక ఘట్టం మాత్రం పదే పదే చదువుతుంటాను. అందులో అద్భుతం కంటే ఓటమి ఎక్కువ.

స్పెయిన్ దేశపు ప్రిసిలియన్ అనే బోధకుడి మీద దుర్బోధ ఆరోపణ వచ్చింది. కొందరు బిషప్పులు అతన్ని చక్రవర్తి న్యాయస్థానానికి ఈడ్చారు. మార్టిన్ ట్రియర్ పట్టణానికి వెళ్లి, సంఘానికి సంబంధించిన విషయాన్ని రాజు కత్తితో తీర్చకూడదని మాక్సిమస్ చక్రవర్తిని బతిమాలాడు. ఆయన అక్కడున్నంత కాలం విచారణ ఆగింది. ఆయన వెళ్లిపోయాక 385లో ప్రిసిలియన్‌కు, అతని అనుచరులు కొందరికి మరణశిక్ష అమలు చేశారు. ప్రిసిలియన్ బోధ మార్టిన్‌కు నచ్చి కాదు అతని ప్రాణం కోసం వేడుకున్నది. ఆ చావుకు కారకులైన బిషప్పులతో కలిసి ప్రభు బల్లలో పాలు పొందనని ఆయన తీర్మానించుకున్నాడు. కానీ చక్రవర్తి ఇంకా కొందరిని వేటాడటానికి స్పెయిన్‌కు అధికారులను పంపబోతున్నాడని తెలిసింది. వాళ్ల ప్రాణాలు దక్కాలంటే ఆ బిషప్పులతో కలవాలని షరతు పెట్టాడు. మార్టిన్ ఆ ఒక్కరోజు కలిశాడు. మరునాడు తిరుగు ప్రయాణంలో అడవిదారిలో ఒంటరిగా కూర్చుని ఏడ్చినంత పని చేశాడు. తనలోని శక్తి తగ్గిపోయిందని తర్వాత కన్నీళ్లతో చెప్పుకునేవాడట. అప్పటినుంచి బతికినంత కాలం బిషప్పుల సభ ఒక్కదానికి కూడా వెళ్లలేదు.

ఈ సంగతి తెలిసిన తర్వాతే కాంద్ ప్రయాణం విలువ నాకు తెలిసింది. సంఘ రాజకీయాలతో విసిగిపోయినవాడు ఆయన. పెద్ద పెద్ద సభలకు నమస్కారం పెట్టేశాడు. అలాంటివాడు చివరి రోజుల్లో, ఒక మారుమూల ఊళ్లో నలుగురు పరిచారకుల మధ్య వచ్చిన తగాదా కోసం కదిలాడు. పౌలు భక్తుడు కూడా అంతే. ఫిలిప్పీ పత్రికలో అంత గంభీరమైన క్రీస్తు శాస్త్రం రాసి, చివరి అధ్యాయంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీల పేర్లు పెట్టి, ఇద్దరినీ విడివిడిగా బతిమాలుకున్నాడు. కమెంటరీలు రెండో అధ్యాయానికి ముప్పై పేజీలిచ్చి నాలుగో అధ్యాయంలోని ఆ ఇద్దరికీ అరపేజీ ఇస్తాయి. నేనూ ప్రసంగాల్లో అలాగే చేశాను.

కాంద్‌లో కొన్నాళ్లు ఉండి, వాళ్లను కలిపి, ఇక టూర్‌కు తిరిగి వెళ్దామనుకుంటుండగా మార్టిన్ శరీరం ఒక్కసారిగా బలహీనపడింది. శిష్యులు ఏడ్చారు. మమ్మల్ని ఎవరికి అప్పగించి వెళ్తున్నారని అడిగారు. అప్పుడాయన చేసిన ప్రార్థన సంఘ చరిత్రలో నిలిచిపోయింది. నీ ప్రజలకు నా అవసరం ఇంకా ఉంటే ఈ కష్టం మోయనని అనను, నీ చిత్తమే జరగనీ అన్నది దాని భావం. వెళ్లిపోవాలని ఉంది, ఉండిపోవడానికీ సిద్ధమే. పౌలు ఫిలిప్పీయులకు రాసిన మొదటి అధ్యాయంలో ఉన్న పెనుగులాటే ఇది. శిష్యులు పక్క వేస్తామంటే వద్దన్నాడు. గోనెపట్ట మీద, బూడిదలో పడుకున్నాడు.

ఇక ఆ కిటికీ కథ. దీన్ని రాసినవాడు గ్రెగరీ, 573లో అదే టూర్‌కు బిషప్పు అయినవాడు. మార్టిన్ కన్నుమూశాడని తెలియగానే పొవాతియే నుంచి ఒక గుంపు, టూర్ నుంచి ఒక గుంపు కాంద్‌కు చేరుకున్నాయి. శరీరం మాకివ్వాలంటే మాకివ్వాలని పట్టుబట్టారు. మా దగ్గరే సన్యాసిగా ఉన్నాడు, బిషప్పుగా మీరు అనుభవించారు కదా, శరీరమైనా మాకు వదలండి అని పొవాతియే వారు. మీ దగ్గర ఇద్దరు మృతులను లేపాడు, మా దగ్గర ఒక్కరినే లేపాడు, కాబట్టి ఆయన మాకు బాకీ ఉన్నాడు అని టూర్ వారు. చదువుతుంటే నవ్వొస్తుంది. దైవజనుడి లెక్క ఇలా వేశారు! పొద్దు గూకింది. శరీరాన్ని గదిలో ఉంచి, తలుపులు బిగించి, ఇరుపక్షాలూ కాపలా కూర్చున్నాయి. అర్ధరాత్రి పొవాతియే వారికి నిద్రపట్టింది. టూర్ వారు అదను చూసి శరీరాన్ని కిటికీలోంచి బయటికి అందించి, పడవలో పెట్టుకుని, వియెన్ నుంచి లువార్‌లోకి దిగి, ఎదురు ప్రవాహంలో టూర్ వైపు సాగిపోయారు. కీర్తనలు పాడుకుంటూ వెళ్లారట! ఆ పాటలకే పొవాతియే వారికి మెలకువ వచ్చింది. నవంబరులో ఆ పడవ వెళ్తుంటే ఒడ్డున పూలు పూశాయని ఒక ఐతిహ్యం. నవంబరులో నాలుగు రోజులు ఎండ కాస్తే ఫ్రెంచివారు ఇప్పటికీ దాన్ని సేంట్ మార్టిన్ వేసవి అంటారు.

పోట్లాట ఆపడానికి వెళ్లిన మనిషి శవం మీద, ఆయన పోట్లాట ఆపిన ఊళ్లోనే, పోట్లాట!

మోషే శరీరాన్ని గురించి మిఖాయేలు అపవాదితో వాదించాడని యూదా పత్రిక 9వ వచనంలో చదువుతాం. మోషే సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదని ద్వితీయోపదేశకాండం చివరి అధ్యాయం చెబుతుంది. దేవుడు దాన్ని ఎందుకు దాచాడో కాంద్‌లో ఆ కిటికీ ముందు నిలబడితే నాకు కొంత తెలిసినట్టనిపించింది.

మనం ప్రొటెస్టెంట్లం, ఎముకలను గౌరవించే పద్ధతి మనకు లేదు, ఇది వాళ్ల గొడవ అని పక్కకు తప్పుకుందామంటే చరిత్ర తప్పుకోనివ్వదు. 1562లో ఫ్రాన్సు ప్రొటెస్టెంట్లు, అంటే హ్యూగెనాట్లు, టూర్‌లోని మార్టిన్ మందిరాన్ని కొల్లగొట్టారు. ఆయన అస్థికలను నిప్పులో వేశారు. కొద్ది ముక్కలు మాత్రం దక్కాయంటారు. ఆ ఏడాదే, పట్టణం మళ్లీ కేథలిక్కుల చేతికి వచ్చాక, హ్యూగెనాట్లను చంపి లువార్ నదిలో పడేశారు. మార్టిన్ శరీరం ఏ నది మీద కీర్తనలతో వెళ్లిందో అదే నది. ప్రిసిలియన్ లాంటి దుర్బోధకుడి ప్రాణం కోసం చక్రవర్తి కాళ్లావేళ్లా పడ్డవాడి పేరున ఉన్న పట్టణంలో ఇది జరిగింది. ఇందులో మనవాళ్లు ఎవరు, వాళ్లు ఎవరు అని లెక్క తీయడానికి నాకు మనసు రాలేదు. కాంద్‌కు పన్నెండు కిలోమీటర్ల దూరంలో సోమూర్ ఉంది. దుప్లెసి మోర్నే అనే హ్యూగెనాట్ నాయకుడు అక్కడ స్థాపించిన వేదాంత విద్యాలయం 1685లో మూతపడేదాకా యూరపులో పేరు పొందింది. అక్కడ బోధించిన మొయిజ్ అమిరో క్రీస్తు మరణం ఎవరి కోసమన్న చర్చలో స్వపక్షం వారి చేతనే 1637 సినడులో విచారణకు గురై, నిర్దోషిగా బయటపడ్డాడు. సెమినరీలో అమిరో గురించి పరీక్ష రాశాను. మావాడు వెళ్దామా అని అడిగాడు గానీ ఆ రోజు నేను కాంద్ నుంచి కదలదలచుకోలేదు.

ఇప్పుడు నా పని సంగతి.

నేను లోగడ కాపరిగా పనిచేసిన ఒక ఊళ్లో సంఘం రెండుగా చీలింది. చర్చి స్థలంలో రోడ్డు వైపు రెండు షాపులు కట్టారు. వాటి అద్దె ఎవరు వసూలు చేయాలన్న దగ్గర మొదలైంది. కమిటీ రెండైంది, క్వయర్ రెండైంది, మంచి శుక్రవారం ఏడు మాటల కూడిక రెండు పందిళ్ల కింద ఒకే మైకు గోలలో జరిగింది. చివరికి చర్చికి తాళం పడింది. ఆ సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు. రిటైరైన బడి పంతులు. ఏ పక్షంలోనూ లేరు. ఆయన నాకు ఫోన్ చేశారు. "అయ్యగారూ, మీ మాటంటే ఇద్దరికీ గురి. ఒక్కసారి రండి. రెండు రోజులుంటే చాలు" అన్నారు. క్రిస్మస్ అయ్యాక చూద్దామన్నాను. క్రిస్మస్ అయ్యాక మళ్లీ చేశారు. లెంటు కూటాలున్నాయన్నాను. ఈస్టర్ అయ్యాక మళ్లీ చేశారు. మోకాళ్ల నొప్పులన్నాను. నొప్పులు నిజమే. కానీ ఆ వారమే నేను నూరు మైళ్ల దూరంలో సువార్త సభలకు వెళ్లి మూడు రోజులు నిలబడి ప్రసంగించాను. అసలు కారణం, ఇద్దరిలో ఒకరికి చెడ్డవాణ్ణి కావడం నాకిష్టం లేకపోయింది.

జూన్‌లో ఆయన ప్రభువునందు నిద్రించారు. అప్పుడు వెళ్లాను.

నేను వెళ్లేసరికి శవపేటిక చర్చి గేటు ముందు రోడ్డు మీద ఉంది. లోపల ఆరాధన జరిపించి సమాధుల తోటకు తీసుకెళ్లాలని ఒక పక్షం. తాళం తీస్తే చర్చి మీకు అప్పగించినట్టవుతుంది, ఇంటి దగ్గరే జరిపించండని ఇంకో పక్షం. ఆయన మావాడంటే మావాడని ఇద్దరూ అన్నారు. బతికున్నన్నాళ్లు ఎవరివాడూ కాదని ఇద్దరూ ఆయన్ని దూరం పెట్టిన సంగతి ఊరంతటికీ తెలుసు. గంటన్నర ఎండలో నిలబడ్డాం. ఆఖరికి గేటు దగ్గరే ప్రార్థన చేసి, సమాధుల తోటకు మోసుకుపోయాం. అందరూ వెళ్లిపోయాక ఆయన భార్య నాకు మంచినీళ్లు ఇస్తూ, "బతికుండగా వస్తారని చూశారు అయ్యగారూ" అన్నారు. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే అది ఇంకా నా చెవిలో ఉంది.

ఆ తర్వాత ఒక రాత్రి సల్పీషియస్ ఉత్తరం మళ్లీ తీశాను. విద్యార్థిగా ఉన్నప్పుడు మార్టిన్ ప్రార్థన దగ్గర గీత గీసుకున్నాను. ఈసారి ఆ పేరాకు పైనున్న వాక్యం దగ్గర ఆగాను. ఎందుకు వెళ్లాడు అన్నది ఉన్న వాక్యం.

చర్చి వెనకాల కొండ మీదికి నిటారుగా ఒక దారి ఉంది. సాయంత్రం మోకాళ్లు పట్టుకుని ఎక్కాను. పైనుంచి రెండు నదులూ కలిసే చోటు పూర్తిగా కనిపిస్తుంది. ఎగువన దూరంగా షినోన్ దగ్గరి అణువిద్యుత్ కేంద్రం నుంచి తెల్లటి ఆవిరి లేస్తోంది. దిగువన మోంసోరో కోట. మధ్యలో ఈ చిన్న ఊరు, అంత పెద్ద చర్చి. కలిసిన తర్వాత కూడా రెండు నీళ్లూ కొంతదూరం వేరువేరుగానే నడుస్తున్నట్టు కనిపించాయి. అది వెలుతురు వల్లనో, ఇసుక తిన్నెల వల్లనో. అక్కడ కూర్చుని మావాడికి అంతా చెప్పాను. అతను చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ ఊరు మీ ఇంటి నుంచి ఎంత దూరం అయ్యగారూ?" అని అడిగాడు.

బస్సులో నాలుగు గంటలు అన్నాను.

తిరిగొచ్చిన రెండో వారం ఆ ఊరికి వెళ్లాను. మొదటి రాత్రి ఒక పక్షం వారింట్లో, రెండో రాత్రి ఇంకో పక్షం వారింట్లో భోంచేశాను. ఇద్దరూ ఎదుటివారి గురించి ఒకే మాటలు చెప్పారు. ఇంత ఆలస్యంగా వచ్చి ఏం చేస్తారని ఒక యువకుడు ముఖం మీదే అడిగాడు. జవాబు చెప్పలేదు. మూడో రోజు ఉదయం, అద్దె సంగతి పక్కనపెట్టండి, చర్చి లోపల బూజు దులుపుకుందామని అడిగితే తాళం చెవి ఉన్నతను వచ్చి తలుపు తీశాడు. పంతులుగారి భార్య చీపురు తెచ్చారు. మధ్యాహ్నానికి ఆడవాళ్లు పదిమంది అయ్యారు, రెండు పక్షాల వాళ్లూ. మాటలు లేవు గానీ బకెట్లు మార్చుకున్నారు. సాయంత్రం తాళం మళ్లీ వేసేశారు.

ఆ ఆదివారం ఆరాధన రెండు చోట్లే జరిగింది. నేను రెండింటిలోనూ వెనక వరసలో కూర్చున్నాను. వచ్చే నెల మొదటి వారానికి మళ్లీ టిక్కెట్టు తీసుకున్నాను. ఈసారి వారం రోజులుంటానని పంతులుగారి భార్యకు ఫోన్ చేసి చెప్పాను.